కదలని కన్ను

ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఆసుపత్రిలో ఎవరికీ గుర్తులేదు. పిల్లలు చుక్కలత్త అన్నారు, వాళ్లని చూసి తల్లులు అన్నారు, తల్లుల్ని చూసి నర్సులు అన్నారు. చివరికి డాక్టర్లు కూడా చీటీ చేతిలో పెట్టి, "చుక్కలత్త దగ్గరికి వెళ్లి రండి" అనడం మొదలుపెట్టారు. ఆవిడా ఆ పేరుకే పలకడం అలవాటు చేసుకుంది.

ఆవిడ పని పిల్లల పక్కచూపులో రంగులు కొలవడం. గోడమీది అక్షరాలు చదివించే పరీక్ష అందరికీ తెలిసిందే. కానీ మనిషి నేరుగా చూసేది చాలా తక్కువ. మీదికొచ్చే బండి, తెరుచుకునే తలుపు, విసిరిన బంతి, ఇవన్నీ ముందు కంటి అంచునే తగులుతాయి. కంటి నరం దెబ్బతింటున్నప్పుడు కొందరిలో మొదట వెలిసిపోయేది ఆ అంచున ఉండే రంగులే. ఎరుపు ఇటుక రంగవుతుంది, ఇటుక మట్టి రంగవుతుంది, ఆ మట్టి కూడా పోయి ఏ రంగూ కాకుండా మిగులుతుంది. అక్షరాలు మాత్రం అప్పటికీ గడగడా చదివేస్తుంటారు. పెద్దవాళ్లయితే ఏదో తేడాగా ఉందని గోల పెడతారు. పిల్లలు చెప్పరు. లోకం అందరికీ ఇలాగే కనిపిస్తుంది కాబోలు అనుకుంటారు. అందుకని వాళ్లని అడిగి తెలుసుకోవాలి. పిల్లల్ని అడగడమంత కష్టమైన పని ఇంకోటి లేదు.

పనిముట్టు చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. నల్ల రంగు వేసిన అరచక్రం ఇనప బద్ద. ఆసుపత్రిలో దాన్ని విల్లు అంటారు. దాని ముందు గడ్డం ఆనించే గిన్నె, ఒక కంటికి మూత, విల్లు నడిమధ్యన చిన్న తెల్ల చుక్క. ఆ చుక్క పేరు చీమ. పిల్ల చీమనే చూస్తూ కూర్చోవాలి. చుక్కలత్త ఎదురుగా నిలబడి, కొసన రంగుచుక్క ఉన్న నల్లపుల్లని విల్లు చివర్నుంచి మెల్లగా లోపలికి జరుపుతుంది. రంగు తెలిసిన క్షణాన పిల్ల పేరు చెప్పాలి. కన్ను పక్కకి తిప్పిందా, ఆ కొలత పనికిరాదు. దానికి ఆవిడ పెట్టిన పేరు దొంగచూపు.

"కన్ను తిప్పితే చీమ పారిపోతుంది" అని ఆవిడ రోజంతా చెబుతూనే ఉండేది. రోజంతా పిల్లలు చీమల్ని తోలేస్తూనే ఉండేవాళ్లు.

గది ఒకప్పుడు సామాన్ల కొట్టు. కిటికీకి నల్లగుడ్డ కట్టారు. నేలమీద ఒక పలక ఊడి, కాలు పడినప్పుడల్లా టక్కుమనేది. పిల్లలు కూర్చునే బెంచీ ఇదివరకు బయట వరండాలో ఉండేది. వరండాని కళ్లద్దాల కొట్టుకి అద్దెకిచ్చాక బెంచీ లోపలికొచ్చింది. మధ్యలో ఒక కర్టెను వేలాడదీశారు. కర్టెను చూపుని ఆపుతుంది గానీ మాటని ఆపదు కదా.

ఆవిడకి పని నేర్పిన ముసలి మాస్టారు రంగుల్ని ఎప్పుడూ కలగాపులగంగా చూపించేవాడు. మధ్యమధ్యలో చుక్కే లేని పుల్లని కూడా పట్టుకొచ్చేవాడు. బోడిపుల్ల అనేవాడు దాన్ని. బోడిపుల్లకి కూడా "ఎరుపు" అన్న పిల్ల ఊహించి చెబుతోందని అర్థం, మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాలి. "పిల్లలు అబద్ధాలాడరమ్మా, మనల్ని సంతోషపెడతారు. అది ఇంకా ప్రమాదం" అనేవాడు.

మాస్టారు రిటైరయ్యాడు. ఆవిడతో పాటు పనిచేసే ఇంకొకామె కూడా రిటైరైతే ఆ కుర్చీలోకి ఎవర్నీ తీసుకోలేదు. వచ్చే పిల్లలు మాత్రం పెరిగారు. "ఒక్కో పిల్లకి ఇంతసేపేమిటి, పెళ్లిచూపులా?" అని పైనుంచి మాటలొచ్చాయి. ముందుగా బోడిపుల్ల మూలకి చేరింది. తర్వాత రంగులు వరసకట్టాయి. పళ్లెంలో మూడు పుల్లలు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం. అదే వరస, అదే వేగం. పని చకచకా సాగిపోయేది. ఆ సంవత్సరం సూపరింటెండెంటు గారు ఆవిడని అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా.

రంగుచుక్కలు కూడా ఆసుపత్రివి కావు. పాతవి వెలిసిపోతే కొత్తవి కావాలని అడిగీ అడిగీ ఆవిడ నోరు నొప్పెట్టింది. చివరికి ఇంట్లో అత్తగారు చేసిచ్చింది. ఆ పెద్దావిడ బతుకంతా దర్జీ కొట్టుకి గుండీల మీద గుడ్డ తొడిగే పని చేసింది.

"అంత పెద్ద ఆసుపత్రికి గుండీ కొనే దిక్కు లేదేమే?" అంది అత్తగారు, ఎర్రగుడ్డ ముక్కని వెలుతురుకి పట్టి చూస్తూ.

"కొంటార్లే అత్తయ్యా. నేను పోయాక కొంటారు."

"అప్పుడు నీ ఫొటో ముందు పెడతారు కాబోలు, మూడు రంగుల్లో."

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. వాకిట్లో బూట్లు విప్పుకుంటూ అందుకున్నాడు. "నాదేమో పక్క అద్దాల్లో చూసుకునే ఉద్యోగం. దీనిదేమో పక్కచూపు కొలిచే ఉద్యోగం. మా సంబంధం కుదిర్చినవాడికి బుర్రుంది."

"ఎదురుగా కూర్చున్న ముసల్దాన్ని మాత్రం ఇద్దరికీ కనపడను" అంది అత్తగారు.

ఇలాంటి ఇంటినుంచి, కోటు జేబులో గుడ్డ గుండీలు వేసుకుని ఆవిడ రోజూ పనికొచ్చేది. ఆ గదిలోకి ఒకరోజు బొంగరం వచ్చింది.

బళ్లో మూడో తరగతి చదివే పిల్ల. టీబీ. ఊపిరితిత్తులకి వాడే ఆ మాత్రల్లో ఒకటి ఎప్పుడో ఎవరికో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. అందుకని మందు నడిచినన్నాళ్లూ నెలనెలా ఈ పరీక్ష చేయించాలి. తల్లి బట్టల ఫ్యాక్టరీలో కుట్టిన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరిస్తుంది. తండ్రి లేడు. కత్తెర పట్టీ పట్టీ ఆమె బొటనవేలు కాయకాసి ఉంది.

"ఒక్కచోట నిలవదమ్మా, బొంగరం" అంది తల్లి. పేరు అక్కడే ఖాయమైంది.

"గడ్డం ఇక్కడ పెట్టు" అంది చుక్కలత్త.

"ఎందుకు?"

"తల కదలకుండా."

"తల కదలకపోతే నాకు నిద్రొస్తుంది."

బెంచీ మీద పిల్లలు కిసుక్కుమన్నారు.

"నిద్రపోయావో, కన్ను తీసి జేబులో వేసుకుంటా."

"ఏ కన్ను? మూసిందా, తెరిచిందా?"

"అమ్మో, నీ నోటికో దండం. చీమని చూడు."

ఎర్రచుక్క విల్లు చివర్నుంచి ఇలా నాలుగు వేళ్లు లోపలికి వచ్చిందో లేదో, బొంగరం కన్ను చటుక్కున అటు గెంతింది.

"దొంగచూపు!"

"నేను చూళ్లేదత్తా, అదే వచ్చి కంట్లో పడింది!"

మళ్లీ మొదలు. మళ్లీ గెంతింది. ఆ పూట బొంగరం ఒక్కతే ముగ్గురు పిల్లల టైము తినేసింది. తల్లి సిగ్గుపడి వీపుమీద ఒకటి వేసింది. ఫ్యాక్టరీలో సగంపూట సెలవు అడిగి వచ్చిన మనిషి, ఆ సగంపూట కాస్తా దాటిపోతోంది మరి.

నెలలు గడిచాయి. బొంగరం కుదురుకుంది. కుదురుకోవడమంటే అలా ఇలా కాదు. కుర్చీలో కూర్చుంటే బొమ్మే. కన్ను చీమ మీదినుంచి వెంట్రుకవాసి కదిలేది కాదు. టక్కున పలక మోగేది, "ఎరుపు" అనేది. టక్కున మోగేది, "ఆకుపచ్చ" అనేది. ఒక్కసారి కూడా వెనక్కి వెళ్లాల్సిన పని లేదు. చుక్కలత్త ప్రాణం లేచొచ్చేది. ఇన్నేళ్లుగా ఆవిడ పిల్లలందర్నీ బతిమాలుకుంటున్నది ఆ కదలని కన్ను కోసమే.

ఒకసారి కర్టెను పక్కకి లాగి బెంచీకి చూపించింది. "చూడండర్రా. కూర్చుంటే ఇలా కూర్చోవాలి. బొంగరాన్ని చూసి నేర్చుకోండి."

బొంగరం మొహం వెలిగిపోయింది.

"ఇక్కడే ఈ బుద్ధి" అంది తల్లి. "ఇంట్లో తలుపులకీ గోడలకీ గుద్దుకుంటూ తిరుగుతుంది. మోచేయి చూడమ్మా, ఎలా కమిలిందో. మొన్న పక్కనే పెట్టిన బిందె తన్నేసింది. కళ్లు నెత్తికెక్కాయి దీనికి."

అందరూ నవ్వారు. చుక్కలత్త కూడా నవ్వింది. నవ్వుతూనే, అంతా బాగుందని రాసింది.

బాగుంది అని రాసే మనిషి ముందు అప్పటికే పిల్ల మోచేతి మీద కమిలిన మచ్చ ఉంది. నెలల క్రితం గెంతిన కన్ను ఇప్పుడు ఎందుకు గెంతడం లేదన్న ప్రశ్న ఉంది. కానీ తలుపు బయట వరస ఉంది, వరస వెనక పైవాళ్ల చిరాకు ఉంది. తీరికలేని మనిషికి ఇబ్బంది పెట్టని పిల్ల ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఇది ఆవిడ ఒక్కదాని జబ్బు కాదు. బళ్లలో, ఆసుపత్రుల్లో, ఆఫీసు కిటికీల దగ్గర పేదవాళ్ల పిల్లలకి మనం నేర్పేదే అది. కదలకు, అడగకు, అడిగినదానికి టక్కున చెప్పు. ఆ పిల్ల నేర్చుకుంది.

ఆ తర్వాత వచ్చినప్పుడు బొంగరం రోజూలాగే కూర్చుంది. చుక్కలత్త పళ్లెంలోంచి మొదటి పుల్ల తీసింది. ఆవిడ చూపెప్పుడూ పిల్ల కంటిమీదే ఉంటుంది, పుల్లని చూసుకోవాల్సిన అవసరం లేదు. జరిపింది. పలక టక్కుమంది. ఇంకో అడుగు, ఇంకో టక్కు.

"ఎరుపు."

కొలత రాసుకుని పుల్ల పెట్టబోతే వేలికి గరుకుగా ఏదో తగిలింది. కొస చూసింది. ఎండిన జిగురు ఉంది. ఎర్ర గుండీ లేదు. అది పళ్లెం మూల బోర్లాపడి ఉంది.

కాసేపు ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. 

గుండీ ముట్టుకోలేదు. ఆ బోడిపుల్లనే మళ్లీ తీసుకుని రెండోవైపునుంచి జరిపింది. బొంగరం పెదాలు సన్నగా కదులుతున్నాయి. టక్కు. టక్కు.

"ఆకుపచ్చ."

మళ్లీ అదే పుల్ల.

"నీలం."

ఈసారి నిజంగా నీలం చుక్కని పట్టుకుని మొదటికొచ్చింది.

"ఎరుపు" అంది బొంగరం, ఎంతో నమ్మకంగా.

చుక్కలత్త కర్టెను తీసి బెంచీని ఖాళీ చేయించింది. పిల్లలు కళ్లద్దాల కొట్టు ముందు గుంపుగా నిలబడ్డారు. అద్దాల మీద వేలిముద్రలు పడుతున్నాయని కొట్టువాడు అరుస్తున్నాడు. ఆవిడ తలుపు వేసి, బొంగరం ముందు గొంతుక్కూర్చుంది.

"ఎలా చెబుతున్నావే?"

"తప్పు చెప్పానా?"

"తప్పుకేంలే. ఎలా చెబుతున్నావో చెప్పు."

"నువ్వు అడుగేస్తే నేల చప్పుడవుతుంది కదత్తా. రెండో చప్పుడికి చెప్పాలి. ముందు ఎరుపు, తర్వాత ఆకుపచ్చ, తర్వాత నీలం. బెంచీ మీద కూర్చుంటే అందరూ అలాగే చెబుతున్నట్టు వినపడుతుంది."

"చుక్క కనపడుతోందా నీకు?"

బొంగరం తల్లివైపు చూసింది. చూడ్డానికి తల మొత్తం తిప్పింది. తల్లి పక్కనే ఉన్నా, కన్ను ఒక్కటే తిప్పితే సరిపోయేంత దగ్గర్లో ఉన్నా, తల మొత్తం తిప్పింది. చుక్కలత్త ఆ తల తిరగడం చూసింది.

"ముందు కనపడేది. తర్వాత ఆలస్యంగా వచ్చేది. తర్వాత రాలేదు" అంది బొంగరం.

"మరి చెప్పలేదేమే తల్లీ?"

"కనపడటం లేదంటే మందు ఆపేస్తారట. మందు ఆపేస్తే బళ్లోకి రానివ్వరు." మళ్లీ తనే, "నువ్వే కదత్తా బాగా కూర్చున్నానన్నావు. అందుకని బాగానే ఉంది కాబోలు అనుకున్నా" అంది.

కంటి డాక్టరమ్మ మంచిదే. చుక్కలత్త పిలవగానే వరస వదిలి లేచొచ్చి, కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది. ఆ మాత్ర ఒక్కటీ ఆ పూటే ఆపించింది.

"మందు ఆపేస్తే దగ్గు తిరగబెట్టదా? బళ్లో ఏం చెప్పాలి?" అంది తల్లి.

"మందంతా కాదమ్మా. ఈ ఒక్క మాత్రే. దీని బదులు వేరేది ఇస్తాం. కోర్సు నడుస్తూనే ఉంటుంది, బడికీ వెళ్లొచ్చు."

తల్లి బొంగరాన్ని దగ్గరికి లాక్కుంది. తర్వాత అంది, "ఈ ఒక్క ముక్క మొదట్లోనే నాకు చెప్పి ఉంటే? కనపడకపోతే చెప్పేయవే అని నేనే చెప్పేదాన్ని కదా దానికి. మందు ఆపేస్తారు, జాగ్రత్తగా జవాబు చెప్పమని రోజూ నేనే నూరిపోశాను."

డాక్టరమ్మ బల్లమీది కాగితాలు సర్దింది. చెప్పడం ఎవరి పనో ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. మందులిచ్చే కిటికీ వాళ్లు డాక్టరు చెబుతారనుకున్నారు, డాక్టర్లు కిటికీ దగ్గర చెబుతారనుకున్నారు.

"చూపు తిరిగొస్తుందా?"

"తొందరగా పట్టుకుంటే చాలామందికి వస్తుంది. ఇప్పుడు... చూద్దాం."

తల్లి చుక్కలత్తవైపు తిరిగింది. "నెలనెలా కూలి పోగొట్టుకుని ఎందుకు తీసుకొచ్చానమ్మా నీ దగ్గరికి? ఆ చుక్కలాట ఆడించడానికా?"

 

మర్నాడు చుక్కలత్త సూపరింటెండెంటు గదికి వెళ్లింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బెంచీ బయటికి పోవాలండి. రంగులు కలిపి చూపించాలి, మధ్యలో ఖాళీ పుల్ల పెట్టాలి. పిల్లకి ఎంతసేపు పడితే అంతసేపు. ఇంకో మనిషి కావాలి."

"వరండా అద్దెకిచ్చేశాం కదమ్మా. బెంచీ ఎక్కడ వేస్తావు, నా నెత్తిమీదా?"

"మీరు ఊరుకుంటానంటే వేస్తానండి."

ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "చూడు, ఒక్క పిల్ల విషయంలో ఏదో పొరపాటు జరిగింది. దాన్ని పట్టుకుని నువ్వు..."

"ఒక్క పిల్లేనని మీకెలా తెలుసండి? బెంచీ మీద కూర్చున్న ప్రతివాళ్లకీ ఆ పాట వచ్చు."

ఆయన నవ్వు పూర్తిగా పోయింది. బయట ఎవరితోనూ అనవద్దని మాత్రం చెప్పాడు. ఆవిడ నేరుగా మందుల కిటికీ దగ్గరికి వెళ్లి, అక్కడ నిలబడ్డ తల్లులందరికీ అనేసింది. ఆ మాత్ర తింటున్న పిల్లల్ని మళ్లీ రమ్మంది. ఒక్క మాత్రే మారుస్తారు, మందు ఆపరు, బడి మాన్పించరు, భయపడకుండా ఉన్నదున్నట్టు చెప్పమనండి అని గొంతు పోయేదాకా చెప్పింది. బెంచీని రోజూ పొద్దున తనే ఈడ్చుకెళ్లి కొట్టు ముందు వేసేది. కొట్టువాడు మధ్యాహ్నానికి లోపలికి తోసేవాడు. ఆవిడ మళ్లీ ఈడ్చేది. పని నెమ్మదించిందని సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. అలా మళ్లీ పరీక్షించిన వాళ్లలో ఇంకో పిల్లాడికి ఎరుపు అప్పుడప్పుడే వెలుస్తోందని తేలింది. వాడికి మాత్ర మార్చారు. వాడి రంగులు వాడికి దక్కాయి.

ఆ సంగతి ఇంట్లో చెబితే అత్తగారు ఊడిపోయిన ఎర్ర గుండీకి చుట్టూ దారం వేస్తూ, "ఇక ఊడదులే" అంది. తర్వాత, "ఆ రోజు ఊడకపోయి ఉంటే?" అంది. 

మాత్ర మార్చిన చాలా రోజులకి బొంగరాన్ని మళ్లీ పరీక్షకి పిలిచారు. తిరిగొచ్చేది ఏదైనా ఉంటే ఈపాటికి రావడం మొదలవ్వాలి అంది డాక్టరమ్మ. బొంగరం ఎడమచేత్తో గోడ పట్టుకుని వచ్చింది. గోడమీది అక్షరాల్లో కింది వరసలు ఇప్పుడు చదవలేకపోతోంది. తల్లి చుక్కలత్తవైపు చూడకుండా తలుపు పక్కన నిలబడింది. గదిలో ఇంకెవరూ లేరు.

చుక్కలత్త చెప్పులు విప్పేసింది. ఊడిన పలక మీద కాలు పడకుండా దాటి నిలబడింది.

"బొంగరం, కనపడితే చెప్పు. కనపడకపోతే లేదు అను. లేదు అన్నా అది సరైన జవాబే."

"నిజంగా?"

"నిజంగా. ఊరికే నన్ను సంతోషపెట్టకు."

కంటికి మూత వేసి, ఎర్రచుక్క పుల్లని విల్లు చివర్న పట్టుకుంది. చప్పుడు లేదు. జరిపింది.

"లేదు" అంది బొంగరం.

ఇంకాస్త జరిపింది.

"లేదు."

మొదటిరోజు కన్ను గెంతిన చోటు వచ్చింది.

"లేదు."

ఆ చోటు దాటిపోయింది. పుల్ల విల్లు వెంట లోపలికి, ఇంకా లోపలికి వస్తోంది. నల్ల ఇనుము మీద ఆవిడ చెయ్యి ఎప్పుడూ అంత దూరం నడవలేదు. పిల్ల ప్రతిసారీ అదే గొంతుతో, బెదురు లేకుండా, లేదు, లేదు అంటూనే ఉంది. తలుపు దగ్గర తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చీమ దగ్గరికి వచ్చేస్తోంది.  చుక్కలత్త ఆగి, కొసన ఎర్ర గుండీ ఉందో లేదో చూసుకుని మళ్లీ జరిపింది.

కన్ను గెంతింది.

ఎన్నో నెలల తర్వాత ఆ కన్ను చటుక్కున పక్కకి, చుక్కమీదికి గెంతింది. బొంగరం తత్తరపడి మళ్లీ చీమవైపు తిప్పేసుకుంది.

"నేను చూళ్లేదత్తా. అదే వచ్చింది."

"తెలుసమ్మా." అడిగింది చుక్కలత్త. "ఏ రంగు?"

బొంగరం చాలాసేపు ఆలోచించింది. ఎరుపు అనడం ఎంత తేలికో దానికి తెలుసు.

"రంగు లేదు" అంది. "ఏదో ఉంది."

చుక్కలత్త ఆ చోటుని, చీమకి అంత దగ్గరి చోటుని, ఉన్నదున్నట్టు రాసింది. తర్వాత ఉత్తకాళ్లతోనే విల్లు రెండో చివరికి నడిచింది.